బాగుందన్న మాట నమ్మి బిగించిన సైకిలు

పంజాగుట్ట కూడలికి కొద్ది దూరంలో, ఇప్పుడు మెట్రో స్తంభాల నీడ పడుతున్న వరుసలో, ఒక సైకిళ్ళ దుకాణంలో నేను ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశాను. అందులో చివరి పన్నెండేళ్ళూ ఒకటే పని: ట్రయథ్లాన్ పోటీలకు వెళ్ళేవారి దేహానికి తగినట్లు సైకిలును ఎంచి అమర్చడం. నీటిలో ఈది, ఒడ్డెక్కి తడి ఒంటితోనే సైకిలెక్కి, దిగీ దిగగానే పరుగు అందుకొనే పోటీ అది. నడుమనున్న సైకిలు దేహానికి సరిపడకపోతే ముందు ఈదినది వ్యర్థం, తరువాతి పరుగు యాతన.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు నన్ను వెదుక్కుంటూ అమీర్‌పేటలోని నా గదికి వస్తుంటారు. ఏ యంత్రం కొనాలి, ఏ శిక్షణ పొందాలి అని అడుగుతారు. యంత్రాల సంగతి నాకంటె వారికే బాగా తెలుసు. కెమెరాతో మోకాలి కోణాన్ని క్షణంలో లెక్కగట్టే సాధనాలు నేను పని మానుకొనే నాటికి వచ్చేశాయి. నేను చెప్పదగినది ఒక్కటే ఉన్నది: కొలబద్ద అబద్ధమాడదు, సైకిలు మీద కూర్చున్న మనిషి ఆడతాడు. మోసంతో కాదు, మర్యాదతో. ఈ సంగతి నాకు తెలిసిరావడానికి ఒక మిత్రుని దేహం మూల్యమైంది. దానిని దాచకుండా వ్రాస్తున్నాను.

దుకాణంలో పంతులు

నేను చదివినది తెలుగు. ప్రాచ్య కళాశాలలో ఛందస్సూ వ్యాకరణమూ అలంకారశాస్త్రమూ గురుముఖంగా నేర్చుకున్నాను. పండిత ఉద్యోగం వచ్చేలోగా నాలుగు నెలలు గడుపుకుందామని దుకాణంలో చేరాను. ఆ ఉద్యోగం రానే లేదు. చేతులు పని నేర్చుకున్నాయి, అక్కడే ఉండిపోయాను.

దుకాణం యజమాని మల్లేశం. వ్యవసాయం విడిచి నగరానికి వచ్చిన ఇంటివాడు. పంక్చర్లు వేయడంతో మొదలుపెట్టి దుకాణం నిలబెట్టినవాడు. నాకంటె రెండేళ్ళు చిన్న అయినా తొలినాటి నుంచీ నన్ను "పంతులూ" అనే పిలిచేవాడు. ఆ పిలుపులో వెక్కిరింతా గౌరవమూ సమపాళ్ళలో ఉండేవి.

"పంతులూ, నువ్వు మాట్లాడితే గిరాకి మంచిగ నమస్తే పెట్టి పోతుండు. సైకిల్ మాత్రం కొంటలేడు. జర మా లెక్క మాట్లాడరాదే!" అనేవాడు.

"నాకు వచ్చినది ఈ భాషేనయ్యా" అనేవాణ్ణి.

"గదే నా ఫికర్" అని నవ్వేవాడు.

మల్లేశం వద్ద నేను నేర్చినవీ ఉన్నాయి, నేర్వకుండా జాగ్రత్తపడినవీ ఉన్నాయి. "గిరాకి సైకిల్ను చూస్తడు, నువ్వు గిరాకిని చూడు" అన్నది ఆయన మొదటి పాఠం. ఇంతకుమించిన సూత్రం ఈ వృత్తిలో నాకు మరెక్కడా కనిపించలేదు. ఆయనే మరుక్షణంలో గోడకు వేలాడే ఫ్రేమును చూపించి, "ఇది మస్తు కనబడ్తది, అమ్మెయ్" అనేవాడు. ఈ రెండు మాటలకూ పొత్తు కుదరదు. ఒక దుకాణదారు రెండూ అనవలసివస్తుంది. అమర్చేవాడు మొదటి దానినే వినాలి.

ముందు మనిషి, పిమ్మట సైకిలు

సాధారణమైన సైకిలు మీద మనిషి చేతులపై వంగి కూర్చుంటాడు. ట్రయథ్లాన్ సైకిలు మీద మోచేతులను రెండు ప్యాడ్లపై ఆనించి, ముంజేతులను ముందుకు చాచి, గాలికి ఎదురు నిలవకుండా వీపు వాల్చి సాగుతాడు. అందుకోసం సీటు పెడళ్ళ మీదికి జరుగుతుంది. మనిషి మొత్తంగా ముందుకు ఒరుగుతాడు. ఇందువల్ల తుంటి దగ్గర మడత బిగుసుకోక, దిగిన తరువాత పరుగెత్తే కండరాలు కొంత మిగులుతాయి. ఇది కుదిరితే చూడముచ్చట. కుదరకపోతే ఆ భారమంతా సీటు ముక్కు మీదా, మెడ మీదా పడుతుంది.

అందరూ చేసే పొరపాటు సైకిలు కొని ఆపైన దేహాన్ని దానికి వంచడం. చేయవలసినది, ఎటు కావాలంటే అటు జరిగే కొలతల బండి మీద మనిషిని కూర్చోబెట్టి, అతనికి సుఖమైన భంగిమ ఏదో ముందు తేల్చడం. పెడళ్ళ ఇరుసు నుంచి మోచేతి ప్యాడ్లు ఎంత ఎత్తున, ఎంత దూరాన ఉన్నాయో వ్రాసుకోవడం. ఆ రెండు కొలతలకూ ఒదిగే ఫ్రేమును అప్పుడు వెదకడం. ఇద్దరు మనుషులు ఒకే పొడవు ఉండవచ్చు. ఒకరికి కాళ్ళు పొడవు, ఒకరికి మొండెం పొడవు. ఫ్రేము మీద అచ్చువేసిన అంకె ఇద్దరికీ ఒకటే చెబుతుంది. దానిని నమ్మకండి.

నాకు ఇది బాగా నాటుకొనేట్టు చేసినది స్వప్న అనే అమ్మాయి. బోరబండలో దినకూలీల ఇంట పుట్టి, ఈతలో పైకి వచ్చి, ఒక పాఠశాలలో వ్యాయామం నేర్పేది. సైకిలు జీవితంలో ఒక్కసారే కొనగలనని ముందే చెప్పింది. నేను ఒక భంగిమ కుదిర్చి, వెనక్కు జరిగి, నా పనితనం నేనే చూసుకొని మురుస్తున్నాను. ఐదు నిమిషాలైనా కాలేదు.

"సార్, గిది సైకిలా, శిక్షనా?"

"ఏమైందమ్మా?"

"ఏం కాలేదా? మెడ ఇరుగుతుంది! మీరొకసారి ఎక్కి చూడుండ్రి, తెలుస్తది."

మల్లేశం కౌంటరు వెనుక పడీ పడీ నవ్వాడు. ఆ పూట ఏడుసార్లు మార్చాను. ఏడుసార్లూ ఆమె లోపం చెప్పింది, ఎనిమిదోసారి పెదవి విప్పకుండా అరగంట తొక్కింది. ఆ కొలతలకు సరిపడే ఫ్రేము దుకాణంలో లేదని చెప్పి పంపివేశాను. నెల తరువాత వేరొకచోట దొరికినప్పుడు ఆమే తెచ్చి చూపించింది. మల్లేశానికి ఒక బేరం పోయింది, నాకు వృత్తి వచ్చింది. వచ్చిందని అనుకున్నాను. అందరూ స్వప్నలాగే నోరు తెరిచి చెబుతారని అనుకోవడంలో నా తెలివితక్కువ ఉన్నది.

ఆదివారాలు

రామచంద్రమూర్తిగారు కృష్ణాతీరం నుంచి ఉద్యోగరీత్యా నగరానికి వచ్చినవారు. మాసబ్ ట్యాంక్‌లోని ఒక కార్యాలయంలో ఇంజనీరుగా పనిచేసి విరమించారు. ఎర్రమంజిల్‌లో కాపురం. సైకిలు గొలుసు మార్పించుకోవడానికి ఒక ఆదివారం వచ్చి, నా నోట ఏదో సమాసం విని ఆగారు.

"మాస్టారూ, ఇలాంటి తెలుగు విని ఎంత కాలమైందండీ!" అన్నారు.

ఆ ఒక్క మాట నన్ను ఏమి చేసిందో చెప్పడానికి నేను ఉండే చోటును గురించి రెండు మాటలు చెప్పాలి. అమీర్‌పేటలో మా సందు నిండా హాస్టళ్ళు. కోర్సులు చదువుకొనే పిల్లలు మూడు నెలలకొకసారి మారిపోతారు. పక్క గదిలో ఎవరున్నారో తెలుసుకొనేలోగా ఆ పేరు మారిపోతుంది. నాకు ఇంట మాట్లాడేవారు లేరు. రాత్రి వ్రాసుకున్న పద్యం తెల్లవారి ఎవరికి వినిపించాలి? మల్లేశానికి ఒకసారి వినిపించాను. శ్రద్ధగా విని, "అయిపోయిందా?" అని అడిగాడు.

మూర్తిగారు మరుసటి ఆదివారమూ వచ్చారు. ఆదివారం మధ్యాహ్నానికే దుకాణం మూస్తాము. సగం దించిన షట్టరు వెనుక ఇద్దరమూ కూర్చునేవాళ్ళం. నేను ఆ వారం వ్రాసిన సీసమో కందమో చదివేవాణ్ణి. ఆయన కన్నులు సగం మూసి, తల ఊపి, "ఆహా" అనేవారు. రెండు సంవత్సరాలు ఇలాగే జరిగింది. సోమవారం నుంచి శనివారం వరకు నేను సైకిళ్ళు బాగుచేసేవాణ్ణి. జీవించినది ఆదివారాలలోనే. ఇది అతిశయోక్తి కాదు, అలంకారశాస్త్రం చదివినవాణ్ణి కనుక ఆ తేడా నాకు తెలుసు.

ఒకనాడు ఆయన తన కోరిక చెప్పారు. అరవై ఏళ్ళు నిండబోతున్నాయి. ఇంట్లో షష్టిపూర్తి చేద్దామంటున్నారు. తనకు మాత్రం ఆ ఏడు ఒక ట్రయథ్లాన్ పూర్తిచేయాలని ఉంది. చిన్ననాడు కాలువలో ఈత నేర్చినవారు, నడక అలవాటున్నవారు. కావలసినది ఆ పోటీకి తగిన సైకిలే.

"మా శారద ఏమంటుందో తెలుసాండీ? పీటల మీద కూర్చోమంటే సైకిలు మీద కూర్చుంటానంటారేంటి అని!" అని నవ్వారు.

"ఆ సైకిలు నేను అమరుస్తాను" అన్నాను.

నా తప్పు

ఇక్కడి నుంచి నేను చేసినవన్నీ తెలిసి తెలిసి చేసిన తప్పులు.

గోడ మీద ఒక ఫ్రేము ఉండేది. నల్లనిది, పొడుగైనది, ఎదురుగాలిని చీల్చేటట్లు పలుచగా తీర్చినది. మూర్తిగారిని ఆ ఫ్రేము మీద ఊహించుకున్నాను. కొలతల బండి మీద ముందు కూర్చోబెట్టి, ఆయనకు ఏది సుఖమో తేల్చి, ఆపైన వెదకాలి. పిల్లలకు నేను చెప్పే పాఠమే అది. నా మిత్రునికి మాత్రం అన్నింటికంటె అందమైనది ఇవ్వాలనుకున్నాను. ఫ్రేము దించి, దానికి ఆయనను అమర్చాను. వీపు నేలకు సమాంతరంగా వచ్చేవరకు ప్యాడ్లు దించాను. ఒక ఆదివారం మధ్యాహ్నం, చక్రం కదలకుండా స్టాండుకు బిగించి, తొక్కమన్నాను.

ఇరవై నిమిషాలు తొక్కించి చూడాలన్నది నా నియమం. ఆ ఇరవై నిమిషాలూ తొక్కేవాడి దేహాన్ని చూస్తూ ఉండడమే పని. మాటిమాటికీ లేచి కూర్చుంటున్నాడా, సీటు మీద అటూ ఇటూ కదులుతున్నాడా, పిడికిలి బిగుస్తున్నదా, ఊపిరి ఎక్కడ ఆగుతున్నది. నేను అది చేయలేదు. ఆ వారం నవరసాలమీద ఒక వరుస పద్యాలు ముగించాను. ఇరవై నిమిషాల అవకాశం దొరికింది. ఆయన తొక్కుతూ ఉంటే, ఎదురుగా స్టూలు వేసుకొని, కాగితం తీసి, చదివాను.

ఆయన వింటున్నారు. తల అటూ ఇటూ ఊపుతున్నారు. కనుబొమలు ముడిచారు. మధ్య మధ్య "ఆహా" అంటున్నారు. కరుణరసం దగ్గర కన్నులు చెమర్చాయి. నా జన్మకు ఆ దృశ్యం చాలనిపించింది.

చదవడం ముగించి అడిగాను. "ఎలా ఉంది? బాగుందా?"

"దివ్యంగా ఉందండీ, మాస్టారూ" అన్నారాయన. పద్యాన్ని గురించా, సైకిలును గురించా అని నేను విచారించలేదు. రెండూ అనుకున్నాను.

మల్లేశం ఆ పూట అక్కడే ఉన్నాడు. మూర్తిగారు వెళ్ళిన తరువాత, "పంతులూ, గా సారు మెడ జర గట్టిగ పట్టినట్టుంది గదా?" అన్నాడు.

"అది రసాస్వాదనయ్యా. నీకు తెలియదు" అన్నాను.

"నాకేం ఎరుక బాబూ, నేను పంక్చర్లు ఏసెటోన్ని" అన్నాడు మల్లేశం.

నాలుగు నెలలు

ఆ తరువాత మూర్తిగారు రావడం కొనసాగింది. వచ్చినప్పుడల్లా "సైకిలు ఎలా నడుస్తున్నది?" అని అడిగేవాణ్ణి. "అద్భుతమండీ" అనేవారు. కుర్చీలో కూర్చునేముందు ఒక క్షణం తటపటాయించేవారు, కూర్చున్నాక ఒక పక్కకు ఒరిగేవారు. చూశాను. చూసి, వయస్సనుకున్నాను. పద్యం చేతిలో ఉన్నవాడికి ఎదుటివాడి నడుము ఎక్కడ కనిపిస్తుంది?

ఆపైన ఒక ఆదివారం రాలేదు. ఆ తరువాతిదీ రాలేదు. మూడో ఆదివారం సగం దించిన షట్టరు వెనుక సాయంత్రం వరకు కూర్చున్నాను. ఫోను చేయడానికి అభిమానం అడ్డు వచ్చింది.

మరునాడు మల్లేశం చెప్పాడు. ముందురోజు స్వప్న ఏదో భాగం కొనడానికి ఫోను చేసిందట. "నీ మూర్తి సారు చిన్న పోటీల నడుమల్నే ఆగిపోయిండట పంతులూ. సైకిల్ దిగి, చేత్తోటి పట్టుకొని నడుచుకుంట వచ్చిండట. గా పోటీకే పోయిన స్వప్న అడిగితే, 'మా మాస్టారు చక్కగ అమర్చిండ్రమ్మా, నా ఒళ్ళే మంచిగ లేదు' అన్నడట."

ఆ రోజంతా ఒక చక్రానికి స్పోకు పుల్లలు బిగిస్తూ ఆలోచించాను. నాకు రెండు దారులు కనిపించాయి. ఊరకుంటే, ఆయన మర్యాదస్థుడు కనుక కొన్నాళ్ళకు తిరిగి వస్తారు. సైకిలు ఊసు ఎవరమూ ఎత్తము. పద్యాలు సాగుతాయి. వెళ్ళి అడిగితే నిజం బయటపడుతుంది. నేను ఆయనకు చేసినదేమిటో ఇద్దరికీ తెలిసిపోతుంది. అది తెలిసిన తరువాత ఏ ముఖంతో ఎదురెదురుగా కూర్చుంటాము? ఆ ఆదివారాలు పోతే నాకు మిగిలేది ఏదీ లేదు. చిన్నవాళ్ళకు ఇది చిన్న సంగతిగా తోచవచ్చు. ఆ రోజు పుల్లలన్నీ ఎక్కువ బిగించి, చక్రం వంకర తిప్పి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను.

సాయంత్రం నిలువు కొలత చూసే గుండుతాడూ, పానాలూ సంచిలో వేసుకొని ఎర్రమంజిల్ నడిచి వెళ్ళాను.

ఎర్రమంజిల్‌లో

తలుపు శారదమ్మగారు తీశారు. లోపలి నుంచి మూర్తిగారు లేచి వచ్చి, "మాస్టారా! రండి రండి. నేనే వద్దామనుకుంటున్నానండీ, కాస్త జ్వరం..." అన్నారు.

"సైకిలు మీకు సరిపడలేదని విన్నాను."

"అబ్బే! ఎవరన్నారండీ? బ్రహ్మాండంగా ఉంది. లోపం నాలోనే..."

"ఆయన చెప్పరండీ, నేను చెబుతాను" అన్నారు శారదమ్మగారు.

"శారదా, మాస్టారి ఎదుట ఏంటది!"

"ఏంటంటే ఏంటి? దాచుకుంటే తగ్గుతుందా? కూర్చునేచోట స్పర్శ తెలియడం లేదండీ ఈయనకి. సైకిలు దిగిన గంటసేపటికి గాని తిమ్మిరి వదలదు. మెడ సరేసరి. డాక్టరుగారు, ఇలాగే ఉంటే సైకిలు మానెయ్యండి అన్నారు. మీకు చెప్పమని నాలుగు నెలల నుంచీ పోరుతున్నాను. 'అంత పెద్దాయనకి అలాంటి మాటలు ఎలా చెప్పను, పాపం ఎంత సంబరంగా చేసిచ్చారు' అంటారు. సంబరం ఆయనది, తిమ్మిరి మీదీనా అన్నాను."

మూర్తిగారు తల వంచుకున్నారు. అన్ని అలంకారాలూ చదివినవాణ్ణి, "సైకిలు కిందికి తీసుకురండి" అని మాత్రం అన్నాను.

వాహనాలు నిలిపే చోట, ఆయన సాధనకు వాడే స్టాండుకు బిగించి ఎక్కించాను. మొదటి రెండు నిమిషాలు ఎదురుగా నిలబడ్డాను. ఆయన నా వంక చూసి చిరునవ్వు నవ్వుతున్నారు. ఆ చిరునవ్వును చూసి నాకు ఒక ఆలోచన వచ్చింది. ఆయన వెనుకకు వెళ్ళి నిలబడ్డాను. ఎదుట గోడ తప్ప ఎవరూ లేరు. మర్యాద చూపడానికి ఒక ముఖం కావాలి. ముఖం లేనప్పుడు దేహం తన మాట తాను చెప్పుకుంటుంది. నిమిషం తిరగకుండా భుజాలు చెవుల దగ్గరికి లేచాయి. నడుము ఎడమకు జరిగింది. ఇంకొక నిమిషానికి చేతులు విడిచి లేచి కూర్చున్నారు.

"బాగుందా" అని అడగలేదు. "ఎక్కడ?" అన్నాను.

గోడతో చెప్పినట్లు చెప్పారు. "ముందు... సీటు ముక్కు మీదే ఉన్నానండీ మొత్తం. ప్యాడ్లు అందడం లేదు. అందుకోవడానికి ముందుకు జారిపోతున్నాను."

పిల్లలారా, ఈ రెండూ రాసిపెట్టుకోండి. తొక్కేవాడికి మీ ముఖం కనిపించనివ్వకండి. ఔను, కాదు అని చెప్పదగిన ప్రశ్న వేయకండి. ఎక్కడ అని అడగండి. పెద్దవారి ఎదుట "కాదు" అనడం మనలో చాలామందికి చేతకాదు. చోటు చూపించడం ఎవరికైనా చేతనవుతుంది.

గుండుతాడు వేసి చూస్తే సంగతి తేటతెల్లమైంది. ఫ్రేము ఆయనకు నిడివిలో మూడు వేళ్ళు ఎక్కువ, ఎత్తులో అంతకంటె తక్కువ. ప్యాడ్లు ఎంత పైకి లేపినా, సీటు ఎంత జరిపినా తీరే లోపం కాదు.

"ఈ సైకిలు మీది కాదు. ఎంచినవాణ్ణి నేను. తప్పు నాది. దీనిని తీసుకుపోతాను" అన్నాను.

మల్లేశం ఏమంటాడోనని భయపడుతూ తోసుకొని వెళ్ళాను. ఆయన ఫ్రేమును అటూ ఇటూ తిప్పి చూసి, "గిన్నేండ్లకు ఒక తప్పు జేసినవ్ పంతులూ. నాకు జర సంబురమే అయితుంది" అని, దానిని మళ్ళీ గోడకు ఎక్కించాడు.

ఒంటె

ఈసారి వరుస తప్పలేదు. కొలతల బండి మీద మూర్తిగారిని కూర్చోబెట్టి, వెనుక నిలబడి, మూడు పూటలు పనిచేశాను. పెడళ్ళను పట్టి తిప్పే క్రాంకులు పొట్టివి వేశాను, మోకాలు పొట్ట వైపు అంతగా లేవకుండా. ప్యాడ్లు దగ్గరకూ పైకీ తెచ్చాను. ముక్కు చీలిన పొట్టి సీటు పెట్టాను. కొలతలు వ్రాసుకొని వెదికితే, ఎవరూ ఇష్టపడని ఒక పాత మోడలు సరిపోయింది. నిడివి తక్కువ, ఎత్తు ఎక్కువ, హ్యాండిలు కింద దిమ్మెల మీద దిమ్మెలు. మల్లేశం చూసి "ఇది సైకిల్ కాదు, ఒంటె" అన్నాడు. ఒంటె మీద మూర్తిగారు నలభై నిమిషాలు లేవకుండా తొక్కారు.

ఆ మూడు పూటల్లో ఒక మార్పు జరిగింది. నేను కోరుకున్నదే. ఆయనకు నిజం చెప్పడం అలవాటైంది. "ఎడమ ప్యాడు అర వేలు బయటికి." "సీటు ముందు దిగింది." "ఇది కాదండీ, ఇందాకటిదే నయం." గొంతులో మొహమాటం పోయింది. చివరి బోల్టు బిగిస్తూ, చాలా సంతోషంగా, ఆయన వెనుక నుంచే అన్నాను.

"ఈ ఆదివారం రండి. ఈ వారం కొత్తగా పదకొండు కందాలు..."

పెడళ్ళు ఆగాయి. గోడ వైపే చూస్తూ ఆయన అన్నారు.

"మాస్టారూ, ఒక మాట చెప్పనాండీ? ఎక్కడ అని అడిగే అలవాటు చేశారు కనుక."

"చెప్పండి."

"మీ పద్యాలు నాకు అర్థం కావండీ. మొదటి రోజు ఏదో విన్న పదం తగిలి ముచ్చటపడ్డాను. ఆ తరువాత... నాకు ఆ చదువు లేదు. రెండేళ్ళ నుంచీ ఒక్కటీ అర్థం కాలేదు."

చేతిలో పానా ఉన్నది. బిగించిన బోల్టునే మళ్ళీ బిగించాను.

"మరి ఎందుకు వచ్చేవారు?"

"మీరు ఒంటరిగా ఉండేవారు గదాండీ" అన్నారు.

ఆపైన

ఆ ఏడు చివరలో ఆయన పోటీ పూర్తిచేశారు. పరుగు చివర నడిచారట, అయినా పూర్తిచేశారు. ఆ సాయంత్రం ఫోనులో శారదమ్మగారు మొదట మాట్లాడారు. "మీ ఒంటె గెలిచిందండీ" అన్నారు. మూర్తిగారు ఎక్కడా తిమ్మిరి లేదని చెప్పారు. ఆ ఫోను వచ్చినప్పుడు నేను గదిలో ఉన్నాను. పెట్టేసిన తరువాత ఎవరికైనా చెప్పాలనిపించి తలుపు తీశాను. పక్క గదిలో కొత్తగా చేరిన అబ్బాయి చెవుల్లో తీగలు పెట్టుకొని మెట్లు దిగిపోతున్నాడు.

నా వృత్తిలో అంతకంటె సరిగ్గా కుదిరిన పని మరొకటి లేదు. ఆ పని చేయకపోయి ఉంటే బాగుండునని ఒక్కొక్కప్పుడు అనిపించిందని కూడా ఒప్పుకుంటున్నాను. సరిపడని సైకిలు మీద ఆయన తల ఊపుతూ ఉంటే, ఎదురుగా స్టూలు మీద నేను చదువుతూ ఉంటే, ఇద్దరిలో ఒకరం సుఖంగా ఉండేవాళ్ళం. అది ఎవరి ఖర్చు మీదనో తెలిసిన తరువాత మళ్ళీ ఆ స్టూలు మీద కూర్చోలేము. ఈ వృత్తిలోకి వచ్చేవారు దీనికి సిద్ధపడి రావాలి. మనిషిని నిజం చెప్పమని అడిగినప్పుడు, ఏ నిజం చెప్పాలో నిర్ణయించే హక్కు మనకు ఉండదు.

పోటీ తరువాతి వారం ఆదివారం మధ్యాహ్నం మూర్తిగారు వచ్చారు. పతకం తెచ్చి చూపించారు. మల్లేశం దానిని మెడలో వేసుకొని అద్దంలో చూసుకొని, తిరిగి ఇచ్చి, షట్టరు సగం దించి వెళ్ళిపోయాడు. మేమిద్దరమూ కూర్చున్నాము. నేను పద్యం తీయలేదు. ఆయన అడగలేదు. పోటీ సంగతులు పావుగంటలో అయిపోయాయి. రెండేళ్ళ స్నేహంలో మేము మాట్లాడుకున్నది ఎంత తక్కువో అప్పుడు తెలిసింది. బయట బస్సులు పోతున్నాయి. ఆయన టీ తాగుదామా అన్నారు. తాగాము.

వెళ్ళడానికి లేచారు. ఒంటెను గోడ నుంచి తీసి రోడ్డు మీదికి తిప్పారు. నేను షట్టరు కింద నిలబడి, "వచ్చే ఆదివారం వస్తారా?" అని అడిగాను.

పూర్వమైతే అడగకుండానే "తప్పకుండా మాస్టారూ" అనేవారు. ఆ రోజు ఒక కాలు పెడలు మీద ఉంచి, నా ముఖంలోకి చూస్తూ, నిజంగానే ఆలోచించారు.

"చెప్పలేనండీ" అన్నారు.